ఫైలు ఎంతమందికైనా వెళ్తుంది, డౌట్లు మాత్రం మీకే వస్తాయి

ప్రశ్న: మాది తణుకు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని పదిహేనేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. లాక్‌డౌన్‌లో పని లేక యూట్యూబ్‌లో కటింగ్ వీడియోలు పెట్టడం మొదలుపెట్టాను. ఇప్పుడు 42 వేల మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారు. యాడ్స్ మీద నెలకు నాలుగైదు వేలు వస్తాయి, అదీ అన్ని నెలలూ కాదు. మెడనొప్పి వల్ల ఎక్కువసేపు మిషన్ మీద కూర్చోవద్దని డాక్టర్ గారు చెప్పారు. ఒకసారి తయారుచేసి ఎన్నిసార్లయినా అమ్ముకునేలా రికార్డెడ్ కోర్సు, పేపర్ కటింగ్ (బట్ట మీద పెట్టి కత్తిరించుకునే కాగితపు నమూనా) పీడీఎఫ్‌లు పెట్టమని మా మరిది అంటున్నాడు. అదెలాగో నేర్పే ఆన్‌లైన్ కోర్సుకు 30 వేలు కట్టమంటున్నాడు. మా వారేమో ‘యూట్యూబ్‌లో ఊరికే దొరికేదానికి డబ్బులెవరిస్తారు?’ అంటున్నారు. నేను 60 వీడియోల కోర్సు తీసి 4,999 రూపాయలకు పెడదామనుకుంటున్నాను. ఏం చేయమంటారు? (పేరు రాయవద్దని కోరారు)

సమాధానం: ముందు మీ వారి ప్రశ్న సంగతి చూద్దామండీ. ఆయన అడిగింది కొట్టిపారేసే ప్రశ్న కాదు. దానికి జవాబు దొరికాకే మీరు దేనికైనా ఖర్చు పెట్టాలి.

మీరు 34 సైజు జాకెట్ కటింగ్ చూపిస్తారు. చూసే ఆవిడది 40 సైజు. మీ కొలతలకు అంతా సమానంగా పెంచుకుంటే సరిపోతుందనుకుంటుంది. సరిపోదని మీకు తెలుసు. ఛాతీ ఆరంగుళాలు పెరిగినంత మాత్రాన భుజం ఆ లెక్కన పెరగదు, మెడ పెద్దగా పెరగదు. అలా పెంచి కత్తిరిస్తే భుజం జారిపోతుంది, చంక దగ్గర ముడతలు పడతాయి. అప్పుడావిడ మళ్లీ మీ వీడియో కిందికే వచ్చి ‘అక్కా, 40 సైజుకి చంక రౌండ్ ఎంత తీసుకోవాలి?’ అని అడుగుతుంది. ఊరికే దొరికేది అంతవరకే. తన సైజుకు సరిపోయేలా తయారుగా ఉన్న పేపర్ కటింగ్, తను కత్తిరించినది చూసి ‘ఇక్కడ అరంగుళం దించండి’ అని చెప్పే మనిషి ఊరికే దొరకరు. డబ్బులిచ్చేది ఈ రెండింటికి.

కాబట్టి ఏం అమ్మాలో మీరూ మీ మరిదీ కూర్చుని ఊహించనక్కర్లేదు. ఒక నోట్‌బుక్ తీసుకుని మీ పాత వీడియోల కింది కామెంట్లన్నీ చదవండి. ‘సూపర్ అక్కా’, ‘చాలా బాగా చెప్పారు మేడమ్’ లాంటివి చదివి సంతోషించండి, రాసుకోవద్దు. ప్రశ్నలు మాత్రమే రాసుకోండి. ఏ సైజు గురించి ఎక్కువమంది అడుగుతున్నారు? కటోరీ జాకెట్టా, ప్రిన్సెస్ కట్టా, మామూలు నాలుగు డాట్ల (ఒంటికి అమరేలా కుట్టే మడతల) జాకెట్టా? ‘మా అమ్మకి ఛాతీ ఎక్కువ, భుజం తక్కువ’ లాంటివి ఎన్ని వచ్చాయి? అందులో పదేపదే కనిపించే ప్రశ్నే మీ మొదటి సరుకు.

42 వేల సంఖ్య గురించి కూడా ఒక మాట. అది ఎప్పుడో ఒకసారి బటన్ నొక్కిన వాళ్ల లెక్క. వాళ్లలో మళ్లీ మళ్లీ వచ్చి చూసేవాళ్లు ఎంతమందో యూట్యూబ్ స్టూడియోలో ‘ఆడియన్స్’ దగ్గర కనిపిస్తుంది, ఆ అంకె చూసుకోండి. షార్ట్స్ వల్ల వచ్చిన సబ్‌స్క్రైబర్లు చాలామంది కుట్టేవాళ్లు కాదు, చూసి ఆనందించేవాళ్లు. పెద్ద వీడియో వెతుక్కుంటూ వచ్చిన ఆవిడ చేతిలో కత్తెర ఉంటుంది. ‘ట్రాఫిక్ సోర్స్’లో యూట్యూబ్ సెర్చ్ నొక్కితే జనం ఏ మాటలు టైపు చేసి మీ దగ్గరికి వచ్చారో తెలుస్తుంది. ఆ మాటలనే కొత్త వీడియోల పేర్లలో పెట్టండి. ‘40 సైజు జాకెట్‌కు భుజం జారకుండా కటింగ్’ అనే వీడియో మొదటి వారంలో మెల్లగా నడవచ్చు, కానీ రెండేళ్ల తర్వాత కూడా కొత్తవాళ్లను తెస్తుంది. యాడ్స్ లెక్కలోనూ పెద్ద వీడియోలే మేలు. వాటి మీద వచ్చే యాడ్ ఆదాయంలో మీకు 55 శాతం ఇస్తారు, షార్ట్స్‌లో మీ వంతుకు లెక్కగట్టిన దాంట్లో 45 శాతమే.

ఇంకొకటి. మీ వీడియోలు అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు చూస్తుంటే, యూట్యూబ్ డబ్బు వచ్చే యాడ్‌సెన్స్ ఖాతాలో అక్కడి ట్యాక్స్ ఫారం నింపారో లేదో చూసుకోండి. 2021 నుంచి అమెరికా వ్యూస్ మీద వచ్చే ఆదాయంలో పన్ను పట్టుకుంటున్నారు. పాన్ నంబరు వేసి ఫారం ఇస్తే మనవాళ్లకు ఆ భాగం మీద 15 శాతమే పోతుంది. ఇవ్వకపోతే మొత్తం ఆదాయం మీద 24 శాతం దాకా కోస్తారు. నాలుగైదు వేలలో అది చిన్న మొత్తం కాదు.

ఇక 60 వీడియోల కోర్సు. దయచేసి ఇప్పుడే మొదలుపెట్టొద్దు. నాలుగు నెలలు కష్టపడి తీశాక, అందులో ఏ పాఠం ఎవరికీ అర్థం కాలేదో అప్పుడు తెలుస్తుంది. పైగా అన్నేసి వీడియోలంటే కొనేవాళ్లు భయపడతారు. ముందు ఒక్క పేపర్ కటింగ్ ఫైలు చేయండి. ఒకే మోడల్, 32 నుంచి 42 దాకా సైజులు. అది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ మీ అసలు కష్టమంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మీ దగ్గర ఫైలు కొన్న ఆవిడ ఇంట్లో ప్రింటర్ ఉండదు. వాట్సాప్‌లో జిరాక్స్ షాపు అతనికి పంపుతుంది. అతను ఆధార్ కార్డులు ప్రింట్ తీసినట్టే దీన్నీ తీస్తాడు. చాలా కంప్యూటర్లలో ‘ఫిట్ టు పేజ్’ అని ముందే పెట్టి ఉంటుంది. కాగితం అంచుల్లో ప్రింటర్ వదిలే ఖాళీ కోసం బొమ్మ మొత్తాన్ని కాస్త కుదించేస్తుంది. నూటికి నాలుగు వంతులు తగ్గిందనుకోండి, కంటికి తెలియదు. కానీ 38 సైజు కాస్తా 36న్నర అయిపోతుంది. అంగుళంన్నర తేడా! ఆవిడ దాన్ని పట్టుచీర బ్లౌజ్ పీస్ మీద పెట్టి కత్తిరించేసింది. తప్పు జిరాక్స్ షాపుది, తిట్లు మాత్రం మీ వీడియో కింద పడతాయి.

అందుకని ఫైలు మొదటి పేజీలో కటింగ్ ఏమీ పెట్టకండి. సరిగ్గా రెండంగుళాల గడి ఒకటి గీసి, ‘ముందు ఈ ఒక్క పేజీ ప్రింట్ తీయండి. టేపుతో కొలవండి. రెండంగుళాలు రాకపోతే మిగతావి తీయకండి’ అని పెద్ద అక్షరాల్లో రాయండి. దాని కిందే ‘ప్రింట్ తీసేవారికి: స్కేల్ 100 శాతం, యాక్చువల్ సైజ్’ అని పెట్టండి. ఆవిడ ఫోన్ షాపతని ముందు పెడితే చాలు, ఏమీ వివరించే పని ఉండదు. ప్రతి పేజీకి నంబరు, ఏ పేజీ పక్కన ఏది అతికించాలో గుర్తు, ప్రతి ముక్క మీద బట్ట ఏ వైపు పట్టాలో బాణం, కుట్టు మార్జిన్ (కుట్టు కోసం వదిలే అదనపు బట్ట) కలిపామో లేదో ఒక మాట. మార్జిన్ సంగతి ఒక్క చోట రాసి వదిలేస్తే చాలదు. వెనుక భాగం మీద, ముందు భాగం మీద, చేతి మీద, అన్నిటి మీదా రాయాలి. ఒక ముక్క మాత్రమే ప్రింట్ తీసుకునేవాళ్లు ఉంటారు.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఇదే ఫైలు పంపితే ఇంకో చిక్కు. అక్కడ మన ఏ4 కాగితం వాడరు. వాళ్ల ‘లెటర్’ కాగితం వెడల్పు కొంచెం ఎక్కువ, పొడవు ముప్పావు అంగుళం దాకా తక్కువ. 100 శాతం పెట్టి తీస్తే కింద కొంత తెగిపోతుంది, కుదించి తీస్తే కొలత పోతుంది. వాళ్లకు వేరే ఫైలు చేసిపెట్టండి. ఒక పూట పని.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ‘ఒకసారి చేసి వెయ్యిమందికి అమ్మొచ్చు’ అనే మాటలో సగమే నిజం ఉంది. ఫైలు వెయ్యిమందికి వెళ్తుంది, నిజమే, మీకు పైసా ఖర్చుండదు. వెయ్యిమంది డౌట్లు మాత్రం మీ ఒక్కరి ఫోన్‌కే వస్తాయి. మూడొందల మంది కొని తలా రెండు ప్రశ్నలు అడిగితే ఆరొందల వాయిస్ మెసేజ్‌లు. మిషన్ మీద వంచిన మెడను ఫోన్ మీద వంచుతారు, అంతే తేడా. అందుకే నా లెక్కలో ఈ వ్యాపారంలో అసలు పని అమ్మడం కాదు. రాబోయే డౌటును ఫైల్లోనే ముందుగా తీర్చేయడం. ఆ గడి, ఆ బాణాలు, ఆ మార్జిన్ మాట, ఒక్కొక్కటీ మీకు రాత్రి పదింటికి రావాల్సిన కొన్ని పదుల మెసేజ్‌లను ఆపేస్తుంది.

మరి ఏ డౌట్లు వస్తాయో ముందే ఎలా తెలుస్తుంది? రికార్డు చేయకముందే ఒక చిన్న బ్యాచ్‌కి లైవ్‌లో నేర్పండి. పన్నెండు, పదిహేను మంది చాలు. గూగుల్ మీట్‌లో ఉచితంగా గంటసేపు నడుస్తుంది, జూమ్‌లో అయితే 40 నిమిషాలకే ఆగిపోతుంది. రోజు విడిచి రోజు క్లాసు పెట్టి, మధ్యలో రోజు వాళ్లు కత్తిరించి ఫోటో పంపాలి. ఫోటోలు చూస్తేనే మీకు అసలు విషయం తెలుస్తుంది. మీరు అరగంట చెప్పిన డాట్లు అందరికీ సులువుగా వచ్చేసి ఉంటాయి. ‘ఇది అందరికీ తెలిసిందే కదా’ అని మీరు వదిలేసిన చోట, లైనింగ్‌ని బట్టతో కలిపి పట్టుకోవడం దగ్గరో, ఆది జాకెట్ (కొలత కోసం పెట్టుకునే పాత జాకెట్) మీద కొలత తీయడం దగ్గరో, సగంమంది ఆగిపోయి ఉంటారు. ఆది జాకెట్‌ను లాగి పట్టి కొలిచేవాళ్లు ఒకరు, వదులుగా పరిచి కొలిచేవాళ్లు ఇంకొకరు. అది ఒక్కటే ఒక వీడియోకి సరిపడా విషయం. బ్యాచ్ అయ్యేసరికి మీ దగ్గర ఒక జాబితా ఉంటుంది. దాని ప్రకారం రికార్డు చేస్తే 60 కాదు, పదిహేను వీడియోల్లో అయిపోతుంది. ఒక్కోటి పది నిమిషాలకు మించకుండా. బ్యాచ్‌లో చేరినవాళ్ల ఫీజు మీ చేతికి ముందే వచ్చి ఉంటుంది. ఎవరూ చేరకపోతే, నాలుగు నెలల కష్టం పోకుండా వారంలోనే ఆ సంగతి తెలిసిపోతుంది. అదీ మంచిదే.

ధర విషయంలో మీకు కొలబద్ద చేతిలోనే ఉంది. మీ ఊళ్లో లైనింగ్ జాకెట్ కుట్టుకూలి ఎంతో అంతకు మించి ఫైలు ధర పెట్టకండి. ఒక్క జాకెట్ కుట్టుకుంటే డబ్బు తిరిగి వచ్చేసింది అనిపించాలి. దానికి సగంలో పెట్టినా తప్పులేదు. లైవ్ బ్యాచ్‌కి మీ టైము పోతుంది కాబట్టి 1,500 దాకా అడగొచ్చు. రికార్డెడ్ కోర్సు అంతకన్నా తక్కువే ఉండాలి. 4,999 అనేది మీ ఆడవాళ్ల ఇంటి ఖర్చుల లెక్కలోంచి వచ్చిన అంకె కాదు, ఏదో వెబినార్‌లోంచి వచ్చింది. అంత పెడితే కొనేముందు భర్తను అడగాలి. అక్కడ మీ వారు అడిగిన ప్రశ్నే వాళ్ల ఇంట్లోనూ వస్తుంది! రెండొందలకు ఆ ప్రశ్న రాదు.

డబ్బు తీసుకోవడానికి మొదట్లో యూపీఐ క్యూఆర్ చాలు. ఒక్క జాగ్రత్త: స్క్రీన్‌షాట్ చూసి ఫైలు పంపకండి. దొంగ స్క్రీన్‌షాట్లు తయారుచేసే యాప్‌లు ఉన్నాయి. బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసుకోండి. రోజుకు పది మంది దాటాక పేమెంట్ పేజీ పెట్టుకోండి, డబ్బు పడగానే ఫైలు దానంతటదే వెళ్తుంది. ఆ పేజీ నడిపే పేమెంట్ గేట్‌వే వాళ్లు సుమారు 2 శాతం, దాని మీద జీఎస్టీ తీసుకుంటారు. మీ నిద్రతో పోలిస్తే అది చవకే. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ సంగతి ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దగ్గర వస్తుంది కాబట్టి ఇప్పుడే టెన్షన్ వద్దు. ఆదాయపు పన్ను లెక్కలో మాత్రం ఈ డబ్బు చూపించాలి, కుట్టుపని డబ్బుతో సహా. విదేశాల నుంచి నేరుగా డబ్బు తీసుకోవడం మొదలైతే ఒకసారి ఆడిటర్‌ని కలవండి.

కొన్నవాళ్ల జాబితా మీ దగ్గర ఉండాలి. ఇది గట్టిగా చెబుతున్నాను. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించారు. లక్షల్లో ఫాలోవర్లున్న తెలుగువాళ్లలో చాలామందికి మర్నాటికి ఒక్క మనిషి ఫోన్ నంబరు కూడా చేతిలో లేదు. యూట్యూబ్ అలా పోతుందని కాదు, కానీ ఛానెల్ హ్యాక్ అయినా, మూడు స్ట్రైకులు (నిబంధన తప్పారని యూట్యూబ్ వేసే శిక్ష) పడి ఛానెల్ తీసేసినా మీ పరిస్థితి అదే. బయటి దేశాల సలహాల్లో ఈమెయిల్ జాబితా పెట్టుకోమంటారు. మన ఆడవాళ్లు ఎంతమంది ఈమెయిల్ తెరుస్తారు? వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టుకోండి, దానికి వేరే సిమ్ తీసుకోండి. ఒకే మెసేజ్‌ను అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికే కుదురుతుంది, పైగా మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. అందుకే ఫైలు పంపేటప్పుడే ‘ఈ నంబరు సేవ్ చేసుకోండి, సైజుల్లో మార్పు చేస్తే కొత్త ఫైలు ఉచితంగా పంపుతాను’ అని చెప్పండి. అన్న మాట ప్రకారం పంపండి. పేరు, నంబరు, సైజు, ఏం కొన్నారు, ఎప్పుడు కొన్నారు, ఇవి ఒక గూగుల్ షీట్‌లో. గ్రూప్ మాత్రం పెట్టకండి. వెయ్యిమందికి ఒకరి నంబర్లు ఒకరికి కనపడితే రెండో రోజుకే ఎవడో ఒకడు లోన్ యాప్ లింకులు పెడతాడు.

ఫైలు కాపీ అవుతుందా? అవుతుంది. చెల్లెలికి పంపుతారు, వదినకు పంపుతారు, ఎప్పుడో ఒకరోజు టెలిగ్రామ్‌లోనూ కనపడుతుంది. ప్రతి పేజీ అడుగున కొన్నవారి పేరు, నంబరు పడేలా చేస్తే చాలామంది వెనకాడతారు. అంతకు మించి దాని వెనకాల పరిగెత్తకండి. మీరు కూడా ఎవరి పేపర్ కటింగో, హీరోయిన్ జాకెట్ ఫోటోనో తీసి మీ ఫైలు మీద పెట్టుకోవద్దు. మీరు కుట్టిందే ఫోటో తీయండి.

మరిది చెప్పిన 30 వేల కోర్సు వద్దు. అది నేర్పే మనిషిని ఒక్కటే అడగమనండి: ‘ఆన్‌లైన్‌లో అమ్మడం ఎలా అనే కోర్సు కాకుండా మీరు ఇంకేం అమ్ముతారు?’ జవాబులో ఏమీ లేకపోతే విషయం తెలిసిపోయింది. ‘ఇంకో గంటలో ఆఫర్ అయిపోతుంది’ అంటే అది వాళ్ల తొందర, మీది కాదు. ఇంకో రకం కూడా తిరుగుతోంది: ఈ కోర్సునే మీరు ఇంకొకరికి అమ్మితే కమీషన్, వాళ్లు ఇంకొకరికి అమ్మితే మళ్లీ కొంత. మనుషుల్ని చేర్పించడం మీదే డబ్బు వచ్చే ఇలాంటి గొలుసు పథకాల మీద 1978 నుంచే నిషేధ చట్టం ఉంది. మీ 42 వేల మందిని అందులోకి దించితే మీ పేరు పోతుంది. ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. కట్టాక వాళ్లు ఫోనెత్తడం మానేస్తే, మోసమని తెలిస్తే, సైబర్ ఫిర్యాదులకు 1930.

ఆ 30 వేలలో అయిదారు వేలు పెట్టి మైకు, లైటు, బల్ల మీదికి పైనుంచి ఫోన్ పట్టే స్టాండు కొనుక్కోండి. మీ తల అడ్డం రాకుండా చేతులు మాత్రమే కనపడాలి.

ఇది మెడనొప్పికి వెంటనే మందు కాదు, ఆ సంగతి కూడా చెప్పాలి. మొదటి ఏడాది ఇది కుట్టుపని ఆదాయాన్ని పూర్తిగా భర్తీ చేస్తుందని లెక్క వేసుకోవద్దు. ఎడిటింగ్‌కి కూడా వంగి కూర్చోవాలి. అందుకే ఇప్పటినుంచే తక్కువ కూలి వచ్చే మామూలు జాకెట్లు ఒక్కొక్కటిగా వదిలేసి, కూలి ఎక్కువ వచ్చేవి మాత్రం ఉంచుకోండి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మీ దగ్గర పని పలచబడుతుంది, అప్పుడు లైవ్ బ్యాచ్ పెట్టండి. అదే నెలలో షాపుల్లో ఆషాఢం సేల్ చీరలు కొన్నవాళ్లంతా శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి జాకెట్ కావాలని టైలర్ల చుట్టూ తిరుగుతుంటారు. ‘టైలర్ ఇవ్వలేనంటోంది’ అనే వాళ్లకు మీ ఫైలు అప్పుడు అందుబాటులో ఉండాలి. వ్రతానికి మూడు వారాల ముందే పెట్టేయండి, ప్రింట్ తీసి కుట్టుకోవడానికి వ్యవధి ఉండాలి కదా.

మీ మరిదిని మాత్రం నిరుత్సాహపరచకండి. కుర్రాడికి ఉత్సాహం ఉంది, ఫోన్ మీద పనులు తెలుసు. పేమెంట్ పేజీ, గూగుల్ షీట్, పేజీ అడుగున పేర్లు వేయడం అతనికి అప్పగించండి. వచ్చిన దాంట్లో పదో వంతు అతనిదని ముందే మాట్లాడుకోండి. బంధువులతో పని కాబట్టి కాగితం మీద రాసుకుంటే ఇంకా మంచిది.